హుండీలో వేసిన పాట

ఆ చదువు సంగతి మొదట నా చెవిన వేసింది మా ఇంటికి పొద్దున్నే పూలు తెచ్చే ఆమె. హిందూపురంలో మా వీధి వాళ్లకు తెల్లవారిందని చెప్పేది ఆమె కేకే. ఆ రోజు మల్లెపూలు మూర వేసి నా చేతిలో పెట్టాక కూడా బుట్ట ఎత్తుకోకుండా గడప దగ్గరే నిలబడింది.

“అమ్మా, పెనుకొండలో ఉండే నా కూతురు ఫోన్లో ఏందో సదువు సదువుతాండాది. మనకు తెలిసింది దాపెట్టుకోకుండా అందురికీ ఇచ్చేదెట్లనో నేర్పిస్తారంట. ఒక్క దుడ్డు గూడా అడగరంట. నువ్వు బాగా పాడతావు గదా, నీ సంగతి చెప్పినా. నిన్నూ చేరమంటాండాది.”

“దుడ్లు అడక్కుండా చదువు చెప్పేవాళ్లు ఉంటారా ఈ కాలంలో?” అన్నాను.

“నేనూ అదే అడిగితి. ‘దేవునికని చెప్తే నువ్వు ఇంగో జానెడు ఎక్కువ ఏస్తావే, దానికి దుడ్లు అడుగుతావా?’ అని నన్నే ఎదురడిగె.”

నేను బడికి పోయినదాన్ని కాను. అగళి పక్క మా తోటకూ బడికీ నడుమ ఒక వంక ఉండేది. వాన పడితే పారేది. ఒకసారి అట్లా పారినప్పుడు మా దూడ కొట్టుకుపోయింది. ఆ దూడను చూసిన నాయన నన్ను వంక దాటించలేదు. అవ్వ చాటలో రాగులు పోసి, నా వేలు పట్టుకొని అక్షరాలు దిద్దించింది. తప్పు రాస్తే చాట ఒక్కసారి కుదిపేది. తప్పు మాయమైపోయేది, రాగులు మళ్లీ చదునుగా పరుచుకునేవి. నాయన ఎద్దులను కట్టేసి వచ్చి లెక్కలు చెప్పేవాడు. ఇంత చదువిచ్చిన ఆ ఇద్దరినీ పొద్దున దీపం పెట్టగానే తలుచుకోవడం నాకు అలవాటు.

అందుకే, ఆ చదువులో చేరిన మొదటి రోజు ఫోనులో ఒక టీచరు గొంతు “అందరికీ స్వాగతం, మీరంతా నా విద్యార్థులు” అన్నప్పుడు లేచి నిలబడ్డాను. ఈ వయసులో నన్ను విద్యార్థి అన్నారు. కొంగు సర్దుకొని, ఆమెకు కనిపించనని తెలిసీ చేతులు జోడించాను.

ఎక్కడెక్కడి వాళ్లో చేరారు ఆ చదువులో. జట్లు కట్టేటప్పుడు టీచరు మమ్మల్ని ముగ్గురినీ, ఒకే రైలు దారిలో ఉన్నామని, ఒక జట్టు చేసింది. హిందూపురం నుంచి నేను. పెనుకొండ నుంచి పూలామె కూతురు, అక్కడ జిరాక్సు అంగడి నడుపుతుంది. యంత్రాలంటే భయం లేని పిల్ల. ధర్మవరం నుంచి ఒక నేతవారింటి కోడలు. ఆమె మాట్లాడుతుంటే వెనకాల మగ్గం చప్పుడు వినిపిస్తూనే ఉండేది. ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఆ చప్పుడే పాఠం వింటున్నట్టుండేది.

రెండో పాఠంలోనే నాకు భయం వేసింది. మనం ఒకసారి అందరికీ అని ఇచ్చేస్తే, దాన్ని ఎవరైనా తీసుకోవచ్చట, మార్చుకోవచ్చట, అమ్ముకోవచ్చు కూడానట. ఇచ్చాక వెనక్కి తీసుకోవడానికి లేదట. తీసుకునేవాళ్లకు ముఖ్యమైన షరతు ఒకటే, అది ఎవరు చేసిందో చెప్పాలి.

“అమ్ముకోవచ్చా?” అన్నాను.

ధర్మవరం ఆమె నవ్వింది. “అక్కా, మా అంచు డిజైన్లు కాపీ కొట్టేటోళ్లు మా పేరు గూడా చెప్పకుండా అమ్ముకుంటాండారు. వాళ్లకంటే ఈళ్లు నయం గదా!”

తర్వాత పని ఇచ్చారు. ఎవరికి వారు తమ ఇంట్లో తరతరాలుగా వస్తున్నదాన్ని ఒకటి, అందరికీ తెరిచి ఉండే ఒక వెబ్‌సైటులో పెట్టాలి. నేను ఆలోచించే అవసరమే లేకపోయింది. నా దగ్గర అవ్వ పాట ఉంది.

అది నరసింహస్వామి పాట. రోజూ దీపం పెట్టి పాడుకుంటాను. స్తంభం చీల్చుకొని వచ్చిన స్వామిని ఒక తల్లి బతిమాలుతుంది ఆ పాటలో: నీ గర్జన కాస్త తగ్గించు తండ్రీ, ఇంట్లో బిడ్డ ఇప్పుడిప్పుడే నిద్రలోకి జారింది, లేస్తే పాలకు ఏడుస్తుంది, ఏడ్చినా సంతోషమే, ఏడవనీ. ఆ బిడ్డ పురాణంలో బిడ్డేనని ఇన్నేళ్లూ అనుకున్నాను. చివరి మాట మాత్రం ఎప్పుడూ అర్థమయ్యేది కాదు. బిడ్డ ఏడిస్తే సంతోషం ఏమిటి?

ఆ పాట అవ్వకు కదిరిలో, స్వామి తేరు లాగేనాడు దొరికింది. నా చిన్నప్పుడు ఆమె చెప్పిన తీరు నాకు బాగా గుర్తు. “తేరు కదిలేటప్పుడు ఒకామె బిడ్డనెత్తుకొని పాడతాండె. పాట అయిపోయినాక బిడ్డ గుక్కపెట్టి ఏడ్చినాడు. ఆమె నవ్వుతాండాది! సుట్టూ ఉండేటోళ్లు తిడతాండారు, ఏం తల్లివమ్మా, బిడ్డ ఏడుస్తాంటే నవ్వుతాండావని. నేను మాత్రం ఆ పాట ఇంగోసారి పాడిచ్చుకొని, వక్కాకు చేతిలో పెట్టి వచ్చినా.” పాట నేర్పినవాళ్లకు వక్కా ఆకూ ఇవ్వకుండా రాకూడదని అవ్వ పట్టింపు. పాట పాతదేననీ, పాడిన ఆమె ఇంకెవరి దగ్గరో నేర్చుకొని ఉంటుందనీ అవ్వా అనుకుంది, నేనూ అనుకున్నాను.

పాడి, రికార్డు చేసి పెట్టాను. కట్టినవారు ఎవరు అని అడిగిన చోట, “తెలియదు, చాలా పాతది” అని రాశాను. ఆ వారం క్లాసులో టీచరు దాన్ని అందరికీ వినిపించింది. మెచ్చుకోళ్ల మధ్య ధర్మవరం ఆమె ఒక్క మాటా మాట్లాడలేదు. క్లాసు అయిపోగానే ఫోను చేసింది.

“అక్కా, ఆ పాట నీకు యాడ దొరికింది?”

“మా అవ్వది.”

“పాతదని ఎందుకు రాసినావు?”

“పాతదే గదమ్మా.”

“కాదక్కా. దాన్ని కట్టినామె మా ఇంటి ముందర పడసాలలో కూచోని కండెలు చుడతాండాది. మా అత్త.”

పొయ్యి మీద పప్పు అడుగంటుతున్న వాసన వస్తున్నా ఫోను పెట్టలేకపోయాను. పాటలు కట్టేవాళ్లంటే నా మనసులో ఎప్పుడో గుడి గోడల్లో కలిసిపోయిన మనుషులు. నేను రోజూ దేవుని ముందర పెట్టే మాటలను కూర్చిన మనిషి, రైలెక్కితే అందే ఊళ్లో, పేక దారం కండెలకు చుడుతూ బతికి ఉందా?

“మీ అత్త నీతో చెప్పిందా?”

“అత్త ఎప్పుడూ చెప్పలే. తేరుకు పోతే ఎవురెవురో పాడతాంటారు ఈ పాట. మా మామ పోయే ముందర చెప్పినాడు, ‘ఆ పాట మీ అత్తదేలే’ అని. ఒకసారి అడిగితే, అన్నం ఉడికిందేమో చూడుపో అన్యాది.”

నాకు కన్నీళ్లు వచ్చాయి. ఎవరు చేసిందో చెప్పాలని పాఠంలో చెప్పారు. వక్కాకు ఇవ్వకుండా రాకూడదని అవ్వా చెప్పింది. ఇద్దరూ చెప్పింది ఒకటే. వెంటనే పెనుకొండ పిల్లకు ఫోను చేసి, ఆమె చెప్పినట్టు నొక్కుతూ, “తెలియదు” అన్నదాన్ని తీసేసి ఆ పెద్దామె పేరు, ఊరు, మగ్గం పని చేసే ఇల్లని కూడా రాశాను. తరువాతి క్లాసులో టీచరు, మనం నేర్చుకున్నదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదంది. గ్రూపులో అందరూ జోడించిన చేతుల బొమ్మలు పంపారు. ఆ రోజు నేను దేవుడి ముందు ఇంకో వత్తి ఎక్కువ వేసి వెలిగించాను, ఆమె పేరున.

ఆ వత్తి వెలిగించి ఉండకూడదని ఇప్పటికీ అనిపిస్తుంది.

మరుసటి వారం ధర్మవరం ఆమె ఫోను చేసింది. వెనకాల మగ్గం చప్పుడు లేదు. అది వినపడకపోవడంతోనే నాకు భయం వేసింది.

“అక్కా, నువ్వు రావల్ల. పక్కింటామె ఫోన్లో పాట పెట్టి, ‘ఏమత్తా, నీ పేరు ఈడ ఉండాదే!’ అని చదివి వినిపిచ్చినాది. అంతే, రాట్నం యాడిదాడ వదిలేసినాది. అన్నం ముట్టలేదు. గడప మీద కూచోని మా ఆయన్ని బయటికి పోనీకుండా ఉండాది. ఆయన బెంగుళూరుకు చీరలు తీసుకోని పోవల్ల. ఎవురి మాటా ఇనలేదు. నా పేరు తీసేదాకా నా కొడుకు గడప దాటకూడదు, దాటితే తిరిగి రాడు అంటాండాది.”

తిరిగి రాడు. నేను కృతజ్ఞతతో రాసిన ఒక పేరు వల్ల ఒక తల్లి తన కొడుకు చనిపోతాడని వణుకుతోంది. నాకు ఏమీ అర్థం కాలేదు. అంత మాత్రం అర్థమైంది.

మర్నాడు పొద్దున రైలుకు బయలుదేరాను. పెనుకొండలో పూలామె కూతురు ఎక్కింది, అంగడి మూసి వచ్చింది. కూచోగానే అడిగాను, “తీసేస్తే పోతుంది కదా, తల్లీ?”

“పేజీలో పోతాది పెద్దమ్మా. కానీ ఎవురు ఎప్పుడు ఏం రాసినారో, ఏం తీసేసినారో, అంతా ఎనకాల అట్లే ఉంటాది. ఎవురైనా తెరిచి చూడొచ్చు. దాపరికం ఉండకూడదని అట్ల పెట్టినారు.”

చాట కుదిపితే తప్పు మాయమయ్యే చదువు నాది. ఏ తప్పూ మాయం కాని బడి ఒకటి ఉంటుందని, అందులో నేను రాసొచ్చానని అప్పుడే తెలిసింది.

ధర్మవరంలో వాళ్ల వీధిలో మిగతా ఇళ్లన్నిటిలో మగ్గాలు ఆడుతున్నాయి. ఆ ఒక్క ఇంట్లోనే ఆడటం లేదు. గడప మీద, తలుపు రెక్కకు వీపు ఆనించి, ఎండిన చెరుకుగడలాంటి ఒక మనిషి కూచుని ఉంది. ఆమె వెనక, మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని, నెరుస్తున్న మీసాలతో ఆమె కొడుకు. ఆకూ వక్కా నములుతున్నాడు.

“రాండక్కా, జైలుకు రాండి,” అన్నాడు. “ఇంత వయసులో మా అమ్మ నన్ను పిల్లోన్ని చేసి కూచోబెట్టినాది. పక్కన చీరల మూట, ఆడ బెంగుళూరులో సావుకారు ఫోను మీద ఫోను. ఏం చెప్పల్ల? మా అమ్మ పోనీలేదని చెప్పల్లా?” అని నవ్వాడు.

ఆమె వెనక్కి తిరగకుండానే అంది, “నవ్వురా. నవ్వు. నువ్వు నవ్వల్లనే గదా నేను ఇచ్చేసింది.”

నేను ఆమె కాళ్ల దగ్గర కూచున్నాను. “అమ్మా, ఆ పేరు రాసింది నేనే.”

ఆమె తల తిప్పి నన్ను చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఉండి ఉంటే బాగుండేది.

“నువ్వేనా పాడినామె? మంచిగా పాడినావు. పేరు ఎందుకు రాస్తివమ్మా? నేను నీకేం చెడుపు చేస్తిని?”

“మీది కాబట్టి, మీ పేరు ఉండాలని...”

“నాది కాదు!” అంది. ఆ కేకకు లోపలున్న కోడలు చేతిలోని చెంబు వదిలేసింది. “హుండీలో ఏసినాక నాదెట్ల అయితాది? ఏసిందాంట్లో చెయ్యి పెట్టి తీసుకుంటారా ఎవురైనా?”

అప్పుడు చెప్పింది. కొడుకు చంటివాడప్పుడు మూర్ఛలు వచ్చేవట. ఆసుపత్రిలో చేతులెత్తేశారట. చివరికి బిడ్డ ఏడుపు కూడా మానేశాడు, కళ్లు తెరిచి ఊరికే చూస్తూ ఉండేవాడట. తేరుకు కదిరికి ఎత్తుకుపోయింది.

“అందురూ వెండి కండ్లు ఇస్తాండారు, తలనీలాలు ఇస్తాండారు. నా కాడ ఏముండాది? అద్దె మగ్గం. ఈనికి జోల పాడతా పాడతా కట్టుకున్న పాటొకటి ఉండాది. సామీ, ఇది తీసుకో, ఈన్ని ఇయ్యి. ఇంగ ఇది నాదని జన్మలో అనను అన్నా. పాడినా. పాట అయిపోతానే ఈడు నోరు తెరిచి ఏడ్చినాడమ్మా! ఎన్నాళ్లకో ఇన్యా ఆ ఏడుపు. నాకు నవ్వాగలేదు.”

సుట్టూ ఉండేటోళ్లు తిడతాండారు, ఏం తల్లివమ్మా అని. అవ్వ చెప్పిన మాటలు అవ్వ గొంతుతోనే వినపడ్డాయి. అవ్వ చూసిన ఆ బిడ్డ, నేను ఇన్నేళ్లూ పురాణంలో వెతికిన బిడ్డ, మీసాలతో నా ఎదురుగా ఉన్నాడు. నమలడం ఆపేశాడు. ఈ సంగతి అతనికీ తెలియదని అతని ముఖం చెప్పింది.

“ఆ రోజు మా అవ్వ మీతో ఇంకోసారి పాడించుకుందమ్మా. వక్కాకు ఇచ్చింది.”

“ఇచ్చినాదేమోలే. శానామంది ఉండ్రి ఆడ,” అంది. ఆమెకు గుర్తు లేదు. నేను గుర్తు చేయడానికి ప్రయత్నించలేదు.

పెనుకొండ పిల్ల మెల్లగా దగ్గరికి జరిగింది. “అవ్వా, పేరు తీసేస్తాము. ఎనకాల గూడా కనపడకుండా ఆ వెబ్‌సైటు పెద్దోళ్లకు రాసి మూయిస్తాము. పాట మాత్రం ఉండనీమంటావా? నువ్వు సరే అంటే చాలు.”

“నేను సరే అంటే నాదని ఒప్పుకున్నట్లే గదమ్మా.”

“పోనీ, వద్దు అను.”

“వద్దన్నా నాదే అయితాది.”

ఏ యంత్రమైనా విప్పి బిగించే ఆ పిల్ల ఫోను ఒళ్లో పెట్టుకొని కూచుండిపోయింది.

“మరి ఎవర్ని అడగాల అవ్వా?”

“ఇచ్చింది ఆ సామికి. ఆయప్పనడుగు.”



అక్కడి నుంచే టీచరుకు ఫోను చేశాం. అంతా విని ఆమె అంది, “కట్టినవాళ్లు పేరు వద్దంటే తీసేయాలని మన పాఠంలోనే ఒక ముక్క ఉంది. వద్దనేవాళ్లు ఎవరుంటారులే అని నేనే చదవకుండా దాటేశాను. పేరు కనపడకుండా చేయమని ఇప్పుడే రాస్తాను. కానీ అమ్మా, పాట కట్టినవాళ్లు బతికుండగా వాళ్ల అనుమతి లేకపోతే పాటకు అక్కడ చోటు లేదు. ఆవిడ ఇవ్వలేరు. మీకు ఇచ్చే హక్కు లేదు. తీసేయమని మీరే అడగాలి.”

ఇస్తే వెనక్కి రాదన్న పాఠం నన్ను భయపెట్టింది. నాది కానిదాన్ని నేను ఇచ్చినట్టే కాదన్న మాట ఇంకా గట్టిగా తగిలింది. నా గొంతుతో ఉన్న అవ్వ పాట అది. మా తోట దాటి, వంక దాటి లోకంలోకి వెళ్లిన అవ్వ సొత్తు అదొక్కటే. అవ్వ చేత్తో దిద్దించిన వేలితోనే, తీసేయండి అని రాశాను. కళ్లు మసకబారితే ఒక అక్షరం తప్పు పడింది. దిద్దుకొని పంపాను.

మధ్యాహ్నం దాకా ఆ గడప దగ్గరే ఉన్నాం. ఆమె తినకుండా మేమెలా తింటాం? ఫోను మోగినప్పుడల్లా ఆమె ఉలిక్కిపడేది. చివరికి పెనుకొండ పిల్ల తెర చూపించి, “పాట లేదు, పేరు లేదు, ఎనకాల గూడా లేదు అవ్వా” అంది. ఆమెకు చదవడం రాదు. ఖాళీగా ఉన్న తెరను వేలితో తడిమి చూసింది. తర్వాత తలుపు పట్టుకొని లేచి, పక్కకు జరిగి గడప వదిలింది.

“పోరా. బండికి టైమైతాంది.”

అతను మూట తీసుకున్నాడు. గడప దాకా వచ్చి ఆగిపోయాడు. మూట కింద పెట్టి తల్లి ముందర కూచుని, ఆమె పాదాల మీద తల పెట్టి లేవలేదు.

“చూడక్కా ఈ మనిషిని,” అంది కోడలు ఏడుస్తూనే. “పోనీలేదని ఇన్ని దినాలు కొట్లాడినాడు. ఇప్పుడు పొమ్మంటే పోడు.”

కొడుకు పోయాక ఆమె అన్నం తింది. కోడలు కలిపి పెడుతుంటే మొదటి ముద్ద నా వైపు చూపించింది, నువ్వూ తిను అన్నట్టు. నేను బయలుదేరేటప్పుడు ఒక్క మాట అడుగుదామని నోరు తెరిచాను: ఇంట్లో దీపం ముందర పాడుకోవచ్చా అని. అంతలో నాకే తెలిసింది, అడిగితే మళ్లీ ఆమెదని అన్నట్టే. నోరు మూసుకున్నాను. ఆమె చూసింది.

“దీపం పెట్టినప్పుడు ఏదో ఒకటి పాడుకుంటావు గదా,” అంది రాట్నం ముందుకు లాక్కుంటూ. “నన్ను అడగొద్దు.”

వీధి మలుపు దాకా ఆ రాట్నం చప్పుడు విన్నాను.

ఆ చదువు పూర్తి చేశాం ముగ్గురం. పాట పోయిన చోట, చాటలో రాగులు పోసి పిల్లలకు అక్షరాలు దిద్దించడం ఎలాగో చెప్పి పెట్టాను. అది మా అవ్వది. అవ్వ దగ్గరా నాయన దగ్గరా మనసులో అడిగి, వాళ్ల పేర్లు రాశాను. వాళ్లకు అభ్యంతరం ఉండదని అనుకుంటున్నాను. కానీ ఆ రోజు నుంచి, అనుకోవడం అనే మాట దగ్గర కొంచెం ఆగి చూసుకుంటున్నాను. దుడ్లు అడక్కుండా చదువు చెప్పిన ఆ టీచరు చల్లగా ఉండాలి. నా గడప దాకా ఆ వార్త మోసుకొచ్చిన పూలామె బుట్ట ఎప్పుడూ నిండుగా ఉండాలి.

ఇది చదివే మిమ్మల్ని ఒక్కటే కోరుకుంటాను. ఆమె పేరు అడగకండి, పాట కోసం వెతకకండి. మీ ఇంట్లోనో పక్కింట్లోనో చంటిబిడ్డ గుక్కపెట్టి ఏడ్చినప్పుడు, విసుక్కోబోయే ముందు, కదిరి తేరు దగ్గర బిడ్డ ఏడుస్తుంటే నవ్విన ఆ తల్లిని ఒక్కసారి తలుచుకోండి.